పాత గేర్ సైకిల్‌కు కొత్త క్యాసెట్ వేయాలంటే ముందు ఏం కొలవాలి?

ఏడెనిమిదేళ్ళ నాటి గేర్ సైకిల్ మీ దగ్గర ఉంది. ఫ్రేము ఇంకా గట్టిగానే ఉంది, మీ ఒడ్డూపొడుగుకు చక్కగా కుదిరింది, అమ్మబుద్ధి కావడం లేదు. కాకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకో తేలిక గేర్ ఉంటే బాగుండేదనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో చూస్తే 9 స్పీడ్ క్యాసెట్, అంటే వెనక చక్రానికి బిగించే 9 గేర్ల పళ్ళచక్రాల గుత్తి, మంచి ధరకు కనిపించింది. కొనేయాలనిపిస్తుంది. కానీ ఇప్పుడే డబ్బు కట్టకండి. పెట్టె మీద ఉన్న గేర్ల సంఖ్యను బట్టి అది మీ హబ్బుకు, అంటే చక్రం నడిమి భాగానికి, పడుతుందో లేదో తెలియదు. దాన్ని తేల్చేవి మీ వెనక చక్రంలోని కొలతలు. ఒక స్టీలు స్కేలు, ఒక అరగంట సమయం చాలు.

నేను కొలవకుండా కొన్నాను. దుకాణంలో అడిగితే పడుతుందన్నారు, తెచ్చుకున్నాను. చక్రం విప్పాక గానీ నాది అసలు క్యాసెట్ పట్టే హబ్బే కాదని తెలియలేదు. మీకు ఆ ఖర్చు తప్పాలని ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

1. మీది ఫ్రీవీలా, క్యాసెట్టా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, చిన్నా పెద్దా స్ప్రాకెట్లు (పళ్ళచక్రాలు) వరుసగా పేర్చినట్టు. తేడా అంతా లోపల ఉంటుంది.

తొక్కడం ఆపితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, వెనక టకటకమని చప్పుడొస్తుంది కదా, ఆ చప్పుడు చేసే ర్యాచెట్ ఎక్కడుందన్నదే ప్రశ్న. ఫ్రీవీల్‌లో అది స్ప్రాకెట్ల గుత్తిలోనే ఉంటుంది. హబ్బుకు మరలు ఉంటాయి, ఫ్రీవీల్ మొత్తాన్ని సీసా మూతలా దాని మీద బిగిస్తారు. క్యాసెట్ పద్ధతిలో ర్యాచెట్ హబ్బులో భాగం. దాన్ని ఫ్రీహబ్ బాడీ అంటారు. దాని మీద పొడవునా గాళ్ళు, అంటే సన్నటి గాడులు, ఉంటాయి. స్ప్రాకెట్లు వాటి వెంట జారి కూర్చుంటాయి, చివర లాక్‌రింగ్ బిగిస్తారు. సైకిల్ విడిభాగాల కంపెనీ షిమానో 1978లో ఈ ఫ్రీహబ్‌ను తెచ్చింది. తర్వాత నెమ్మదిగా ఖరీదైన సైకిళ్ళన్నీ అటు మారాయి. మన ఊళ్ళలో తక్కువ ధరకు దొరికే 21 గేర్ల సైకిళ్ళలో మాత్రం, అంటే ముందు 3, వెనక 7 ఉన్నవాటిలో, నేటికీ ఎక్కువగా ఉండేది ఫ్రీవీలే.

పరీక్ష సులువు. వెనక చక్రం విప్పి, చిన్న స్ప్రాకెట్ వైపు మీకు కనిపించేలా పట్టుకోండి. మధ్యలో పనిముట్టు దూరడానికి గంట్లు ఉన్న గుండ్రటి భాగం ఉంటుంది. స్ప్రాకెట్లను వెనక్కి తిప్పండి. ఆ గంట్ల భాగం కూడా వాటితోపాటే తిరిగితే అది లాక్‌రింగ్, మీది క్యాసెట్. స్ప్రాకెట్లు మాత్రమే తిరిగి, ఆ భాగం చక్రంతోపాటు కదలకుండా ఉండిపోతే మీది ఫ్రీవీల్.

ఇంకో గుర్తు: చిన్న స్ప్రాకెట్ పళ్ళు లెక్కపెట్టండి. 11 గానీ 12 గానీ ఉంటే దాదాపుగా క్యాసెట్టే. 14 ఉంటే చాలావరకు ఫ్రీవీల్. అయినా తుది మాట తిప్పి చూసే పరీక్షదే.

ఫ్రీవీల్ అని తేలితే

ఫ్రీవీల్ హబ్బు మీద క్యాసెట్ పట్టదు. ర్యాచెట్టే లేని హబ్బుకు ఏ అడాప్టర్ తగిలించినా ఆ లోటు తీరదు. హబ్బు మార్చాలి, లేదా చక్రమే మార్చాలి.

కానీ ఆ నిర్ణయానికి ముందు, మీకు నిజంగా ఏం కావాలో ఒకసారి ఆలోచించండి. కావలసింది తేలిక గేర్ ఒక్కటే అయితే 14-28 ఫ్రీవీల్ (చిన్న స్ప్రాకెట్‌కు 14, పెద్దదానికి 28 పళ్ళు) తీసి 7 స్పీడ్‌లోనే 14-34 ఫ్రీవీల్ బిగించవచ్చు. హబ్బూ, హ్యాండిల్ మీద గేర్లు మార్చే షిఫ్టరూ అవే ఉంటాయి, చైన్‌ను ఒక స్ప్రాకెట్ నుంచి ఇంకోదాని మీదికి జరిపే మీ డిరెయిలర్ 34 పళ్ళ స్ప్రాకెట్‌ను అందుకోగలిగితే అదీ మారదు. చైన్ మాత్రం కొంచెం పొడవైనది వేయాల్సి రావచ్చు. ముందు 28, వెనక 28 పళ్ళతో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది. 700×35 టైరుకు అది సుమారు 2.17 మీటర్లు. వెనక 34 పెడితే అదే చుట్టుకు 1.79 మీటర్లే వెళ్తారు. ఎత్తు మీద ఆ తేడా మోకాళ్ళకు బాగా తెలుస్తుంది. చాలామందికి ఇక్కడితోనే పని అయిపోతుంది.

మరి హబ్బు మార్చడం ఎందుకు? బలం కోసం. ఫ్రీవీల్ హబ్బులో కుడివైపు బేరింగ్ బాగా లోపలికి ఉంటుంది. అక్కడి నుంచి ఫ్రేము దాకా యాక్సిల్ (ఇరుసు) ముక్క ఆసరా లేకుండా ఉంటుంది. గేర్లు పెరిగేకొద్దీ ఫ్రీవీల్ వెడల్పవుతుంది, ఆసరా లేని ఆ ముక్కా పొడవవుతుంది. బరువైన మనిషి, వెనక సంచులు, గతుకుల రోడ్డు మూడూ కలిస్తే యాక్సిల్ వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది కూడా. నాది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ ఎక్కుతుంటే విరిగింది. చక్రం వంకరగా ఊగుతూ బ్రేకుకు రాసుకుంటుంటే మొదట రిమ్ము వంగిందనుకున్నాను. క్విక్ రిలీజ్ (పానా లేకుండా చక్రం విప్పే మీట) తీయగానే యాక్సిల్ రెండు ముక్కలుగా చేతిలోకి వచ్చింది. షిమానో తరహా క్యాసెట్ హబ్బులో కుడి బేరింగ్ ఫ్రీహబ్ బయటి చివరన, ఫ్రేముకు దగ్గరగా ఉంటుంది. యాక్సిల్‌కు ఆసరా దొరుకుతుంది. మీరు బరువు వేసుకుని దూరాలు తిరిగేవారైతే హబ్బు మార్చడానికి ఈ ఒక్క కారణం చాలు.

2. ఫ్రేము వెడల్పు కొలవండి

యాక్సిల్ కూర్చునే రెండు చీలికలను డ్రాపౌట్లు అంటారు. చక్రం తీసేసి, వాటి లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి. లేదా చక్రం మీదే, యాక్సిల్ రెండు చివర్ల దగ్గరి లాక్‌నట్ల బయటి ముఖాల మధ్య కొలవండి, రెండూ ఒకటే రావాలి.

పాత 6, 7 స్పీడ్ రోడ్ సైకిళ్ళలో 126 మి.మీ. ఉంటుంది. 8 నుంచి 11 స్పీడ్ రోడ్ సైకిళ్ళలో రిమ్ బ్రేకులవైతే 130. మౌంటెన్ సైకిళ్ళూ హైబ్రిడ్లూ ఎక్కువగా 135. మీది 21 గేర్ల హైబ్రిడ్ అయితే 135 వచ్చే అవకాశమే ఎక్కువ. అదే వస్తే సంతోషించండి, ఆ కొలతలో క్యాసెట్ చక్రాలు సులువుగా దొరుకుతాయి.

కొత్తగా వస్తున్న మంచి హబ్బుల్లో చాలావాటికి 142 లేదా 148 మి.మీ. త్రూ యాక్సిల్, అంటే ఫ్రేములోని మూసిన రంధ్రాల గుండా దూరే ఇరుసు, ఉంటుంది. అవి 12 మి.మీ. లావు. చీలికలా తెరిచి ఉన్న పాత డ్రాపౌట్లకు అవి పనికిరావు. కొనేటప్పుడు '135, క్విక్ రిలీజ్' అని రెండు మాటలూ చెప్పి అడగండి.

ఫ్రేము 126 ఉండి 130 హబ్బు వేయాలంటే? ఫ్రేము స్టీలుదైతే చేయవచ్చు. ఒక్కోవైపు 2 మి.మీ. తేడాయే కాబట్టి చేత్తో కొంచెం లాగి చక్రం ఎక్కించవచ్చు. శాశ్వతంగా సాగదీయించాలంటే ఆ పని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి. పని అయ్యాక ఒక దారం కుడి డ్రాపౌట్‌కు కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి ఎడమ డ్రాపౌట్‌కు బిగించండి. సీటు గొట్టానికి రెండువైపులా దారం ఎంత దూరంలో ఉందో కొలవండి. సమానంగా రాకపోతే ఒకవైపే ఎక్కువ వంగిందన్నమాట. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములను మాత్రం సాగదీయకండి. అవి స్టీలులా వంగి ఊరుకోవు, పగులుతాయి.

3. ఫ్రీహబ్ బాడీ పొడవు: గందరగోళమంతా ఇక్కడే

మీది ముందే క్యాసెట్ హబ్బు అయితే, లేదా కొత్త హబ్బు ఎంచుకుంటుంటే, ఈ భాగం నెమ్మదిగా చదవండి.

1989లో వచ్చిన షిమానో హైపర్‌గ్లైడ్ గాళ్ళ అమరికే, అంటే హెచ్‌జీయే, ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది. గాళ్ళలో ఒకటి మిగతావాటికంటే వేరే వెడల్పులో ఉంటుంది, అందుకే స్ప్రాకెట్లు ఒక్క తీరులోనే కూర్చుంటాయి. అంతకుముందటి యూనిగ్లైడ్‌లో గాళ్ళన్నీ సమానం, లాక్‌రింగ్ ఉండదు, చివరి స్ప్రాకెట్టే మరతో బిగిసి మిగతావాటిని పట్టి ఉంచుతుంది. మీది అలా ఉంటే కొత్త క్యాసెట్ నేరుగా పడదు. క్యాంపగ్నోలో అనే ఇంకో కంపెనీ హబ్బుల గాళ్ళు పూర్తిగా వేరు.

హెచ్‌జీలో గాళ్ళ ఆకారం ఒకటే అయినా పొడవులు మూడు. 7 స్పీడ్ బాడీ సుమారు 31.5 మి.మీ. 8, 9, 10 స్పీడ్ మూడింటికీ ఒకే బాడీ, సుమారు 35. 11 స్పీడ్ రోడ్ బాడీ దానికంటే 1.85 మి.మీ. ఎక్కువ, అంటే దాదాపు 37. క్యాసెట్ తీసేసి, బాడీ మొదట్లో ఉన్న మెట్టు నుంచి బయటి అంచు దాకా కొలవండి. మీది వీటిలో ఏదో తేలిపోతుంది.

8, 9, 10 స్పీడ్‌లు ఒకే బాడీ మీద ఎలా పడతాయని అనుమానం రావచ్చు. గేర్లు పెరిగేకొద్దీ స్ప్రాకెట్ల మధ్య ఎడం తగ్గించుకుంటూ వచ్చారు. ఒక స్ప్రాకెట్ నుంచి పక్కదానికి 7 స్పీడ్‌లో 5 మి.మీ., 8లో 4.8, 9లో సుమారు 4.35, 10లో 3.95. అందుకే మొత్తం వెడల్పు పెద్దగా మారలేదు. ఒక్కోదానికి ఒక్కో సన్నపు చైన్ కావాల్సి వచ్చింది కూడా అందుకే.

పొడవైన బాడీ మీద పొట్టి క్యాసెట్ వేయవచ్చు. మిగిలిన చోటును వెనక, పెద్ద స్ప్రాకెట్‌కూ హబ్బుకూ మధ్య, స్పేసర్ రింగుతో నింపాలి:

- 8/9/10 బాడీ మీద 7 స్పీడ్ క్యాసెట్: 4.5 మి.మీ. స్పేసర్
- 11 రోడ్ బాడీ మీద 8 లేదా 9 స్పీడ్: 1.85 మి.మీ. స్పేసర్
- షిమానో రోడ్ 10 స్పీడ్ క్యాసెట్లలో చాలావాటికి: పెట్టెలోనే వచ్చే 1 మి.మీ. సన్న రింగు అదనంగా (11 రోడ్ బాడీ అయితే 1.85తోపాటు ఇదీ వేయాలి)

ఆ సన్న రింగును చాలామంది ప్యాకింగ్ అనుకుని పారేస్తారు. తర్వాత క్యాసెట్ గలగలా ఊగుతుంటే కారణం తెలియక తిరుగుతారు. పెట్టెలో వచ్చినవన్నీ దాచుకోండి.

తిరగేస్తే మాత్రం కుదరదు. 8/9/10 బాడీ మీద మామూలు 11 రోడ్ క్యాసెట్ పట్టదు. అయితే పెద్ద స్ప్రాకెట్ 34, 40, 42, 46 పళ్ళున్న కొన్ని 11 స్పీడ్ క్యాసెట్లు ఈ పాత బాడీ మీదే కూర్చుంటాయి. వాటి పెద్ద స్ప్రాకెట్ స్పోకుల మీదికి ఒరిగేలా తయారై ఉంటుంది. 12 స్పీడ్ మౌంటెన్ క్యాసెట్లకు చాలావరకు బాడీయే వేరు: స్రామ్ కంపెనీ ఎక్స్‌డీ 2012లో, షిమానో మైక్రో స్ప్లైన్ 2018లో వచ్చాయి. చిన్న స్ప్రాకెట్‌ను 10 పళ్ళకు తగ్గించడానికి హెచ్‌జీ బాడీ మీద చోటు చాలలేదు, అందుకే అవి వచ్చాయి. పాత సైకిల్ యజమానికి అటు వెళ్ళాల్సిన అవసరం లేదు.

7 స్పీడ్ బాడీ ఉన్న మంచి పాత హబ్బు చేతిలో ఉంటే? దానికి ఒక చక్కని ఉపాయం ఉంది. 9 స్పీడ్ క్యాసెట్‌లోంచి ఒక స్ప్రాకెట్ తీసేస్తే మిగిలిన 8 ఆ పొట్టి బాడీ మీద సరిపోతాయి. 9 స్పీడ్ షిఫ్టర్, 9 స్పీడ్ చైన్ వాడాలి. అన్నిటికంటే చిన్నదాన్ని మాత్రం తీయకండి, లాక్‌రింగ్ గట్లు పట్టుకునేది దాని ముఖాన్నే. దాని పక్కనున్న విడి స్ప్రాకెట్లలో ఒకటి తీయండి. మిగిలిపోయే ఒక క్లిక్కును డిరెయిలర్ కదలికకు హద్దు పెట్టే లిమిట్ స్క్రూతో కట్టడి చేయాలి. బాడీనే మార్చి 35 మి.మీ.ది వేయడం కూడా సాధ్యమే, చాలా షిమానో హబ్బుల్లో అది 10 మి.మీ. అలెన్ కీతో ఊడి వస్తుంది. కానీ యాక్సిల్ మీద వాషర్లు సర్దాలి, రిమ్మును మళ్ళీ మధ్యకు లాగాలి. స్పోకులు బిగించే అనుభవం లేకపోతే మొదటి ఉపాయమే మేలు.

4. ఎన్ని గేర్లు ఎంచుకోవాలి?

నన్నడిగితే పాత సైకిల్‌కు 8 లేదా 9. అంతకు మించితే మార్చాల్సినవి వరుసకట్టి వస్తాయి.

షిఫ్టర్ ఒక్కో క్లిక్కుకు ఎంత కేబుల్ లాగుతుంది, దానికి డిరెయిలర్ ఎంత కదులుతుంది అన్న లెక్క కుదరాలి. షిమానోలో 6 నుంచి 9 స్పీడ్ దాకా ఈ లెక్క దాదాపు ఒకటే, 1990ల నడిమి వరకు వచ్చిన షిమానో పాత డ్యూరా ఏస్ మోడల్ దీనికి మినహాయింపు. అందువల్ల మీ 7 స్పీడ్ షిమానో డిరెయిలర్ (టూర్నీ, ఆల్టస్ లాంటి మోడల్) 9 స్పీడ్ షిఫ్టర్‌తో కూడా పనిచేస్తుంది. మౌంటెన్ 10 స్పీడ్ నుంచి లెక్క మారిపోయింది.

ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు ఇలా చూడండి. కొత్త క్యాసెట్ చక్రం, 4.5 స్పేసర్, 12-32 లాంటి 7 స్పీడ్ క్యాసెట్ వేస్తే పాత షిఫ్టర్ అలాగే ఉంటుంది. యాక్సిల్ బెంగ తీరుతుంది, తేలిక గేరూ వస్తుంది. 8 స్పీడ్ వేస్తే కుడి షిఫ్టర్ మార్చాలి. చైన్ వెడల్పు 7కూ 8కీ ఒకటే కాబట్టి ఆ రకమే నడుస్తుంది. 9 అయితే షిఫ్టర్, చైన్ రెండూ మారతాయి. ఎడమ షిఫ్టర్‌ను ఎందులోనూ కదపక్కర్లేదు. ఏది వేసినా, కొత్త క్యాసెట్ మీద బాగా అరిగిన పాత చైన్ వాడకండి. పళ్ళ మీద జారుతుంది, క్యాసెట్‌నూ త్వరగా అరగదీస్తుంది.

డిరెయిలర్‌లో రెండు సంగతులు చూడాలి. అది అందుకోగల పెద్ద స్ప్రాకెట్ ఎంత? అది లాగి పెట్టగల చైన్ వదులు ఎంత? రెండోదాన్ని లెక్కగట్టడం తేలికే. ముందు పెద్దదీ చిన్నదీ తేడా, వెనక పెద్దదీ చిన్నదీ తేడా కలపండి. ముందు 48-28, వెనక 11-34 అయితే 20, 23 కలిపి 43. మీ డిరెయిలర్ మోడల్ వివరాల్లో ఉన్న కెపాసిటీ అంతకు తగ్గకూడదు. అలాగే డిరెయిలర్ ఫ్రేముకున్న చెవికి బిగిసిందా, లేక యాక్సిల్ కింద రేకు పట్టీతో వేలాడుతోందా చూడండి. పట్టీ రకమైతే కొత్త చక్రం యాక్సిల్ దాన్ని కూడా పట్టి ఉంచేలా ఉండాలి.

5. చక్రం కొనేటప్పుడు

రిమ్ము కొలత టైరు మీదే ఉంటుంది: 700సీకి 622 మి.మీ., 27.5కు 584, 26కు 559. పాత 27 అంగుళాల టైరు మాత్రం 630. అది 700సీ అనుకుని మోసపోకండి. డిస్క్ బ్రేక్ ఉంటే రోటర్ (బ్రేకు పట్టే పళ్ళెం) ఆరు బోల్టులదా, మధ్యలో ఒకే రింగుతో బిగిసే సెంటర్‌లాకా చూసుకోండి. పాత రిమ్ములోనే కొత్త హబ్బు అల్లించాలంటే రంధ్రాల లెక్క, 32 గానీ 36 గానీ, రెండింటికీ కలవాలి. స్పోకుల పొడవు దాదాపు తప్పకుండా మారుతుంది. నా అనుభవంలో సిద్ధంగా అల్లిన చక్రమే చౌక.

6. బిగించడం

పాత క్యాసెట్ తీయాలంటే లాక్‌రింగ్ టూలు, స్ప్రాకెట్లు తిరగకుండా పట్టి ఉంచే చైన్ విప్ కావాలి. ఫ్రీవీల్‌కు వేరే టూలు, చూడటానికి ఇలాగే ఉంటుంది గానీ ఇది కాదు. తొక్కిన ప్రతిసారీ ఫ్రీవీల్ మరింత బిగుస్తుంది కాబట్టి మామూలు పానాకు లొంగదు. టూలును వైస్‌లో (బల్లకు బిగించిన పట్టకారులో) బిగించి, చక్రాన్ని కారు స్టీరింగ్‌లా రెండు చేతులతో అపసవ్యంగా తిప్పండి. టూలు జారి గంట్లు చెడకుండా యాక్సిల్ నట్‌తో దాన్ని వదులుగా పట్టి ఉంచండి, ఫ్రీవీల్ కదలగానే ఆ నట్ తీసేయండి.

కొత్త క్యాసెట్ వేసేముందు ఫ్రీహబ్‌ను తుడిచి, గాళ్ళ మీద పలుచగా గ్రీజు రాయండి. ముందు స్పేసర్, తర్వాత స్ప్రాకెట్లు. వేరే వెడల్పు ఉన్న గాడిని చూసుకుని జార్చండి, బలవంతంగా నెట్టకండి. లాక్‌రింగ్‌ను మొదట చేత్తోనే తిప్పాలి, మర అడ్డంగా పడితే ఫ్రీహబ్ పాడవుతుంది. చివరి బిగింపు 40 న్యూటన్ మీటర్లు. బిగుస్తున్నప్పుడు గట్లు కరకరమంటాయి, భయపడకండి. అయ్యాక పెద్ద స్ప్రాకెట్ పట్టుకుని ఊపండి. ఏమాత్రం గలగలమన్నా స్పేసర్ మరిచారన్నమాట, విప్పి చూడండి.

చైన్ పొడవు కోసం దాన్ని డిరెయిలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్దదాని మీద, వెనక పెద్దదాని మీద చుట్టి, కలిసేచోట ఇంకో జత లింకులు కలిపి తెంపండి.

గేర్లు సర్దేటప్పుడు కేబుల్ వదులుగా ఉంచి మొదట హెచ్ స్క్రూతో (చిన్న స్ప్రాకెట్ వైపు హద్దు పెట్టే లిమిట్ స్క్రూ) డిరెయిలర్ పై పుల్లీని చిన్న స్ప్రాకెట్ కిందికి సరిగ్గా తెండి. తర్వాత కేబుల్ బిగించండి. పెద్ద స్ప్రాకెట్ వైపు హద్దు పెట్టే ఎల్ స్క్రూ దగ్గర తొందరపడకండి. అది వదులుగా ఉంటే చైన్ పెద్ద స్ప్రాకెట్ దాటి స్పోకుల్లో పడుతుంది, డిరెయిలర్ విరిగి చక్రం ఆగిపోతుంది. చేత్తో డిరెయిలర్‌ను లోపలికి నెట్టి చూసి, స్పోకులకు తగలదని తేలాకే తొక్కండి.

చక్రం మధ్యలో ఉందో లేదో చూడటానికి దాన్ని ఒకసారి తిప్పి, క్యాసెట్ ఎడమకు వచ్చేలా ఫ్రేములో పెట్టండి. రిమ్ము రెండుసార్లూ ఒకే చోట నిలిస్తే చక్రం సరిగ్గా ఉన్నట్టు. కొత్త చక్రం స్పోకులు మొదటి వంద కిలోమీటర్లలో కొంచెం సర్దుకుంటాయి. ఆ తర్వాత వాటిని జతలుగా వేళ్ళతో నొక్కి చూసి, వదులైనవి ఉంటే మళ్ళీ దూరం బయల్దేరేలోపు మెకానిక్ చేత సరి చేయించండి.